పసిబిడ్డకు థైరాయిడ్ పరీక్ష: మడమ మీద సూది నుంచి మొదటి మాత్ర దాకా

కాన్పుల వార్డు చూసుకునే స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో డ్యూటీ డాక్టర్లు... ఈ పరీక్ష మీ చేతుల మీదుగానే జరగాలి కాబట్టి ఇది మీకోసం. పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. నాలుగైదు చుక్కల రక్తం, ఒక కార్డు. చెడేదల్లా మూడు చోట్ల: రక్తం తీసిన వేళ, కార్డు ఆరబెట్టిన తీరు, రిపోర్టు వచ్చాక బిడ్డ దొరక్కపోవడం. మొదటి రెండూ తప్పితే మళ్లీ రక్తం తీయొచ్చు. మూడోది తప్పితే ఆ బిడ్డ బుద్ధి ఎదుగుదలలో పోయింది తిరిగి రాదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఢిల్లీ, ముంబయి, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతాల్లో లక్షకు పైగా పసిపిల్లలను పరీక్షించినప్పుడు సుమారు 1130 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం బయటపడింది. అంతకుముందు హైదరాబాద్ ప్రసూతి ఆసుపత్రుల్లో జరిగి, 2004లో వెలువడిన అధ్యయనంలో అది 1700 మందిలో ఒకరు. నెలకు వంద కాన్పులయ్యే ఆసుపత్రిలో ఏడాదికో రెండేళ్లకో ఒక బిడ్డ అన్నమాట. మీకు ఇంతవరకూ ఒక్కరూ కనబడలేదంటే లేరని కాదు, చూడలేదని.

చూపుతో పట్టుకోవడం కుదరదు. కడుపులో ఉన్నంతకాలం తల్లి థైరాయిడ్ హార్మోను (థైరాక్సిన్) కొంత మాయ దాటి బిడ్డకు అందుతుంది కాబట్టి, గ్రంథి అసలే లేని బిడ్డ కూడా పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. పెద్ద నాలుక, బొంగురు ఏడుపు, బొడ్డు ఉబ్బు, మలబద్ధకం, వెడల్పుగా ఉన్న వెనక మాడు, రెండు వారాలు దాటినా తగ్గని కామెర్లు తర్వాత తర్వాత వస్తాయి. "బంగారు తల్లి, ఏడవనే ఏడవదు, పాలకు కూడా మనమే లేపాలి" అని అమ్మమ్మ మురిసిపోయే పిల్లల్లో ఒకరిద్దరు ఈ బాపతు వాళ్లు ఉంటారు. లక్షణాలు తెలిసేసరికి నెలలు గడుస్తాయి. మందు మాత్రం రెండు వారాల లోపే మొదలవ్వాలి.

ముందు తేల్చుకోవాల్సింది: బొడ్డుతాడు రక్తమా, మడమ రక్తమా

ఈ పరీక్ష కొలిచేది టీఎస్‌హెచ్‌ను, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోనును; థైరాయిడ్ లోపిస్తే అది పెరుగుతుంది. బిడ్డ బయటికొచ్చిన అరగంటకే అది ఒక్కసారిగా లీటరుకు 60-80 మిల్లీయూనిట్ల దాకా ఎగబాకుతుంది. బయటి చలికి ఒళ్లు చూపే స్పందన అది, జబ్బు కాదు. ఒక రోజు గడిచేసరికి 20 దరిదాపులకు దిగి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ పోతుంది. అందుకే పుట్టిన గంట నుంచి 24 గంటల మధ్య రక్తం తీస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా చాలామంది "ఎక్కువ" కిందకు వచ్చేస్తారు. ఆ వేళలో తీయకండి. "డిశ్చార్జి అవుతున్నారు, పోనీ ఇప్పుడే తీసేద్దాం" అనే మాట దగ్గరే చాలా వార్డుల్లో ఈ పరీక్ష పేరు చెడింది.

ఉన్నవి రెండే దారులు. మీ దగ్గర తల్లీబిడ్డలు రెండు రోజులు నికరంగా ఉంటారనుకుంటే 48 నుంచి 72 గంటల మధ్య మడమ రక్తం. ఇదే మేలైనది. ఉండరనుకుంటే కాన్పు గదిలోనే బొడ్డుతాడు రక్తం. సిజేరియన్లు ఎక్కువగా జరిగే చోట మొదటిది సులువు. సుఖప్రసవమైన మర్నాడే ఆటో ఎక్కేసే చోట రెండోదే నయం. బొడ్డుతాడు రక్తం థైరాయిడ్‌కు సరిపోతుంది గానీ, అడ్రినల్ గ్రంథి లోపానికో, పాలు పట్టాక గానీ బయటపడని జీవక్రియ లోపాలకో పనికిరాదు. ఆ పరీక్షలన్నీ కలిపి పంపే ప్యాకేజీ అయితే మడమ రక్తమే తీయాలి.

బొడ్డుతాడు రక్తానికి: తాడు బిగించి కోశాక, మాయ వైపున్న కొసను పొడి గాజ్ గుడ్డతో తుడిచి, తల్లి రక్తం అంటకుండా 2-3 మిల్లీలీటర్లు ఎర్రమూత ప్లెయిన్ ట్యూబులోకి పట్టండి. తాడును పిండకండి. అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో 2-8 డిగ్రీల దగ్గర పెట్టండి. వేరుచేయని రక్తాన్ని అలాగే ఫ్రీజర్‌లో పెడితే ఎర్రకణాలు పగిలిపోయి ట్యూబు పారబోయడమే మిగులుతుంది. లేబుల్ కాన్పు బల్ల దగ్గరే అంటించండి. ఒకే పూట నాలుగు కాన్పులైతే ట్యూబులు మారిపోయేది ట్రేలోనే.

మడమ రక్తం తీయడం

కావాల్సినవి: వాట్‌మన్ 903 లాంటి స్క్రీనింగ్‌కు తయారుచేసిన ఫిల్టర్ పేపర్ కార్డు, మడమ లాన్సెట్, 70 శాతం ఆల్కహాల్ స్వాబ్, పొడి గాజ్ గుడ్డ, గ్లౌజులు, గోరువెచ్చని గుడ్డ. ల్యాబులో ఉండే మామూలు ఫిల్టర్ పేపర్ కత్తిరించి వాడకండి. కార్డు మందం, రక్తాన్ని పీల్చే తీరు బట్టే యంత్రం లెక్క కడుతుంది.

ముందుగా కార్డు మీద వివరాలన్నీ బాల్‌పెన్నుతో రాసేయండి. రక్తం వేశాక రాద్దామనుకుంటే తడి వలయాల (కార్డు మీద చుక్కలు వేయడానికి అచ్చేసిన గుండ్రాల) మీద చెయ్యి పడుతుంది. వలయాల లోపల వేలు తగలకూడదు. గ్లౌజ్ పౌడరు, లోషను, చేతి చెమట అన్నీ కాగితాన్ని పాడుచేస్తాయి.

గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి మడమకు చుట్టి 3 నుంచి 5 నిమిషాలు ఉంచండి. 42 డిగ్రీలకు మించిన వేడి వద్దు. మీ మణికట్టు లోపలి వైపు పెట్టుకుంటే చురుక్కుమనకూడదు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, ఆ తర్వాత రక్తం రాక పిండుకుంటూ కూర్చునేదీ వాళ్లే. బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచి పాలు పట్టిస్తూ చేయండి, పాదం గుండెకన్నా కిందికి ఉండేలా. పాలు తాగుతున్న బిడ్డ ఏడుపు తక్కువ, కాలు తన్నడం తక్కువ.

పాదం అడుగున మడమ రెండు పక్కల అంచులే గుచ్చాల్సిన చోటు. బొటనవేలి మధ్య నుంచి ఒకటి, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య నుంచి ఒకటి మడమ దాకా గీతలు ఊహించుకోండి. ఆ గీతలకు బయటి వైపున గుచ్చాలి. మడమ వెనక గుండ్రటి భాగంలో ఎముక చర్మానికి మరీ దగ్గరగా ఉంటుంది, అక్కడ వద్దు. లోతు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. నెలలు నిండని బిడ్డకు 0.85 మిల్లీమీటర్ల లాన్సెట్ తీసుకోండి. మామూలు ఇంజక్షన్ సూదితో గుచ్చితే లోతు మన చేతిలో ఉండదు.

స్పిరిట్‌తో తుడిచాక పూర్తిగా ఆరనివ్వండి. గుచ్చండి. మొదటి చుక్కను పొడి గాజ్ గుడ్డతో తుడిచేయండి, అందులో కణజాల ద్రవం కలుస్తుంది. రెండో చుక్క దానంతటది పెద్దగా ఉబ్బి వేలాడే దాకా ఆగి, కార్డును ఆ చుక్కకు తాకించండి, చర్మానికి తాకించకండి. ఒక వలయానికి ఒకే చుక్క, ఒకే వైపు నుంచి. రక్తం అవతలి వైపుకు ఇంకి, వెనక నుంచి చూసినా వలయం నిండుగా ఉండాలి. మడమను సున్నితంగా నొక్కి వదులుతూ ఉండండి. గట్టిగా పిండితే రక్తంలో ద్రవం కలిసి పలచబడుతుంది.

వలయాలన్నీ నిండకపోతే? నిండినవి రెండు బాగుంటే థైరాయిడ్ వరకు ల్యాబు నడిపించుకోగలదు. అయిదు వలయాల్లో అరకొరగా వేసిన దానికన్నా రెండు నిండు వలయాలు మేలు. ఎండిన చుక్క మీద మరో చుక్క వేసి నింపే ప్రయత్నం మాత్రం చేయొద్దు. ల్యాబులో ఆ చుక్కలోంచి 3.2 మిల్లీమీటర్ల చిన్న బిళ్ల కొట్టి తీస్తారు. అక్కడ రెండు పొరల రక్తం ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, పలచబడి ఉంటే తక్కువ చూపించి జబ్బున్న బిడ్డను వదిలేస్తుంది. ఈ రెండో తప్పు ఎవరికీ తెలియదు, అదే దాంట్లో ప్రమాదం.

మరో అడ్డదారి: సీబీసీకి (రక్తకణాల లెక్కకు) తీసిన ఊదామూత ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులోంచి రక్తం తీసి కార్డు మీద చుక్కలు పెట్టడం. టీఎస్‌హెచ్ కొలవడానికి ల్యాబులు వాడే, యూరోపియం అనే లోహం ఆధారంగా నడిచే డెల్ఫియా పద్ధతిలో ఈడీటీఏ అడ్డుపడి లెక్క తప్పుతుంది. వద్దు.

కార్డును వలయాలు దేనికీ తగలకుండా, అడ్డంగా, గది ఉష్ణోగ్రతలో కనీసం 3-4 గంటలు ఆరనివ్వండి. ఎండలో కాదు, హీటరు దగ్గర కాదు, వార్మర్ కింద అసలే కాదు. కార్డుల మీద కార్డులు పేర్చకండి. వానాకాలంలో కోస్తా ఊళ్లలో నాలుగు గంటలకీ తడి ఆరదు. ముదురు ఎరుపు పోయి గోధుమరంగుకు తిరిగిందో లేదో చూసి ఎత్తండి. ఆరాక కాగితం కవరులో పెట్టి 24 గంటల్లోపు పంపాలి. ప్లాస్టిక్ కవరులోనే పంపాలంటే తేమ పీల్చే సిలికా పొట్లం తప్పనిసరి. శనివారం తీసిన కార్డు సోమవారం సాయంత్రం దాకా టేబుల్ సొరుగులో పడి ఉండటం మామూలుగా జరిగేదే, కొరియర్ వచ్చే రోజులు గోడ మీద రాసి పెట్టుకోండి.

కార్డు మీద రాయాల్సినవి, అసలు మతలబు ఇక్కడే

పుట్టిన తేదీ ఒక్కటే చాలదు, పుట్టిన గంట కావాలి. రక్తం తీసిన తేదీ, గంట కావాలి. అవి లేకుండా ఏ హద్దుతో పోల్చాలో ల్యాబుకు తెలియదు. బరువు, ఎన్ని వారాలకు పుట్టింది, కవలా కాదా, రక్తం ఎక్కించారా, తల్లి థైరాయిడ్ మందులు ఏమైనా వాడుతోందా అనేవి కూడా రాయండి. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు ఇచ్చే కార్బిమజోల్ వాడే తల్లి బిడ్డకు కొన్నాళ్లపాటు టీఎస్‌హెచ్ ఎక్కువ ఉండొచ్చు. బొడ్డు మీదో, సిజేరియన్ కుట్ల మీదో పోవిడోన్ అయోడిన్ ధారాళంగా పూసే వార్డుల్లో కూడా అంతే. బొడ్డుకు ఏదీ పూయకుండా పొడిగా ఉంచితే చాలు.

ఇక ఫోన్ నంబరు. బిడ్డకు ఇంకా పేరుండదు, "బేబీ ఆఫ్ లక్ష్మి" అని ఉంటుంది, అదే వారం ముగ్గురు లక్ష్ములు ఉంటారు. కేస్‌షీట్‌లో ఉన్నది భర్త నంబరు, ఆయన పనిచేసేది బెంగళూరులో. బాలింత మూడు నెలలూ ఉండేది పుట్టింట్లో, ఆ ఊరు ఆధార్ కార్డులో ఉండదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "మీ అడ్రసు ఏంటమ్మా?" కాదు, "ఇక్కణ్నుంచి ఏ ఊరికి వెళ్తున్నావు తల్లీ, అక్కడ ఎవరి ఫోన్‌కు చేస్తే నీకు అందుతుంది?" అని. తల్లి నంబరు, అమ్మమ్మ ఇంటి నంబరు, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు, మూడూ రాసుకోండి. రాసుకున్న నంబరుకు అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. తల్లికి ఆసుపత్రి నంబరు రాసిచ్చి, "పది రోజుల్లో మా నుంచి కబురు రాకపోతే అంతా బాగుందని అనుకోకు, నువ్వే ఫోన్ చెయ్యి" అని చెప్పండి.

రిపోర్టు చదవడం

ముందు ఏ లెక్కలో ఇచ్చారో చూడండి. కార్డు ల్యాబులు కొన్ని మొత్తం రక్తం లెక్కలో, కొన్ని సీరం లెక్కలో ఇస్తాయి. సీరం లెక్క దాదాపు రెండింతలు: కార్డు మీద 10 అంటే సీరంలో 20 పైచిలుకు. ఇది గమనించక 12ను "పర్లేదు" అని పక్కన పెట్టేయడం సులువు.

పిల్లల ఎండోక్రినాలజిస్టుల భారతీయ సంఘం ఇస్పే 2018 మార్గదర్శకాల ప్రకారం సీరం లెక్కలో హద్దులివి. బొడ్డుతాడు రక్తంలోనైనా, 48 గంటల తర్వాత తీసిన రక్తంలోనైనా 20 దాటితే బిడ్డను పిలవాలి. 24-48 గంటల మధ్య తీసి ఉంటే హద్దు 34. 20-40 మధ్య ఉంటే 7-10 రోజుల వయసులో మళ్లీ టీఎస్‌హెచ్ చేయొచ్చు. 40 దాటితే ఆ కబురు రేపటికి వాయిదా పడకూడదు. వెంటనే పిలిపించి సిర రక్తంలో టీఎస్‌హెచ్, ఎఫ్‌టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్) చూడాలి. కార్డు మీదే 40 పైన, అంటే సీరంలో ఇంచుమించు 80-90 ఉంటే, సిర రక్తం తీసిన వెంటనే, ఆ రోజే రిపోర్టు చేతికి రాకపోతే దానికోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి.

సిర రక్తం రిపోర్టు దగ్గర ఒక ఉచ్చు ఉంది. మన ల్యాబుల కాగితాల మీద పక్కనే అచ్చయి ఉండేది పెద్దవాళ్ల హద్దు. పది రోజుల బిడ్డకు ఎఫ్‌టీ4 ఒక డెసిలీటరుకు 1.0 నానోగ్రాము అని వస్తుంది, పక్కన "0.8-1.8 నార్మల్" అని ఉంటుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ వయసుకు అది తక్కువే, 1.17 కన్నా కిందికి ఉంటే అనుమానించాల్సిందే. టీఎస్‌హెచ్ 20 దాటి, ఎఫ్‌టీ4 ఆ వయసు హద్దులో ఉన్నా మందు మొదలుపెట్టడమే ఇప్పటి పద్ధతి. 20 లోపు ఉండి ఎఫ్‌టీ4 బాగుంటే వారం రెండు వారాల్లో మళ్లీ చూస్తారు. మూడు, నాలుగు వారాలు దాటినా 10 పైనే తిరుగుతుంటే పిల్లల ఎండోక్రినాలజిస్టుకు చూపించాలి.

ఒక్క పరీక్షతో వదిలేయకూడని పిల్లలు కొందరున్నారు: నెలలు నిండని వాళ్లు, తక్కువ బరువుతో పుట్టిన వాళ్లు, ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నవాళ్లు, కవలలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు. వీళ్లకు 2-4 వారాల వయసులో మళ్లీ చేయాలి. నెలలు నిండని బిడ్డలో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరుగుతుంది. ఒకే మాయ పంచుకున్న కవలల్లో బాగున్న బిడ్డ హార్మోను రెండో బిడ్డకు చేరి జబ్బును దాచేస్తుంది. రక్తం ఎక్కించాల్సి వస్తే, ఎక్కించకముందే కార్డు తీసిపెట్టండి. 48 గంటలు కాలేదని ఆగొద్దు, తర్వాత ఎలాగూ మళ్లీ తీస్తారు. మెదడులోని పిట్యూటరీ దెబ్బతిన్న బిడ్డలో టీఎస్‌హెచ్ పెరగనే పెరగదు కాబట్టి ఈ పరీక్షకు దొరకదు. అలాంటి బిడ్డకు చక్కెర పడిపోవడం, మగబిడ్డయితే పురుషాంగం మరీ చిన్నగా ఉండటం లాంటివి కనిపిస్తే ఎఫ్‌టీ4 కూడా విడిగా అడగండి.

గ్రంథి ఉందా, ఎక్కడుందో తెలుసుకోవడానికి అల్ట్రాసౌండ్, టెక్నీషియం స్కాన్ ఉన్నాయి. మోకాలి ఎక్స్‌రేలో తొడ ఎముక కింది కొసన ఉండాల్సిన చిన్న ఎముక చుక్క, నెలలు నిండిన బిడ్డలో కూడా కనబడకపోతే లోపం కడుపులోనే మొదలైందని అర్థం. స్కాన్‌కు పెద్ద ఊరు వెళ్లాలి, అపాయింట్‌మెంట్ వచ్చే వారం అంటే మందు ఆపి ఎదురుచూడకండి. మందు మొదలైన తొలి కొద్ది రోజుల్లో స్కాన్ చేసినా పనికొస్తుంది.

మాత్ర ఎలా వేయాలో తల్లికి చేసి చూపించండి

మందు లెవోథైరాక్సిన్. మోతాదు రోజుకు కిలోకు 10-15 మైక్రోగ్రాములు, డాక్టరు నిర్ణయిస్తారు. మూడు కిలోల బిడ్డకు 25 మైక్రోగ్రాముల మాత్ర ఒకటిన్నర, అంటే 37.5, తరచూ కనిపించే మొదలు. మిల్లీగ్రాములు, మైక్రోగ్రాములు చీటీ మీద తారుమారు కాకుండా "25 మాత్ర, ఒకటిన్నర" అని తెలుగులో కూడా రాయండి. 25 మాత్ర లేదని మందుల షాపువాడు 100 ఇచ్చి పావు చేసుకోమంటే తీసుకోవద్దని చెప్పండి.

రెండు చెంచాల మధ్య మాత్రను మెత్తగా నలిపి, ఉగ్గుగిన్నెలో రెండు మూడు మిల్లీలీటర్ల తల్లిపాలో, కాచి చల్లార్చిన నీళ్లో పోసి కలిపి, అప్పటికప్పుడే పట్టాలి. గిన్నెకు అంటుకున్న పొడిని ఇంకొన్ని పాలతో కడిగి అదీ పట్టాలి, సగం మందు గిన్నెకే పోయేది ఇక్కడే. పాలసీసా నిండా కలిపితే బిడ్డ మిగిల్చిన పాలతో మందూ మిగిలిపోతుంది. ముందు రోజే కలిపి పెట్టుకోకూడదు. ఐరన్, కాల్షియం చుక్కలు ఉంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచండి. రోజూ ఒకే వేళ. ఇచ్చిన వెంటనే కక్కేస్తే మళ్లీ ఇవ్వాలి. డబ్బా మూత బిగించి, తేమ, వెలుతురు తగలని చోట పెట్టుకోవాలి. వంటింటి పొయ్యి పక్కన అలమరా అందుకు పనికిరాదు.

అత్తగారింటి వైపు నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇంత పసిగుడ్డుకు రోజూ ఇంగ్లిష్ మందా?" ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోనునే మాత్రగా ఇస్తున్నామని, బయటి రసాయనం కాదని చెప్పండి. బిడ్డ చురుగ్గా, బొద్దుగా కనిపిస్తోందని మూడో నెలలో మాత్ర మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. బాగున్నది మాత్ర వల్లేనని ఆ మాట అప్పుడే చెప్పి పెట్టండి.

మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు టీఎస్‌హెచ్, ఎఫ్‌టీ4 చూడాలి. టీఎస్‌హెచ్ దారికొచ్చేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెల, రెండు నెలలకోసారి, ఏడాది దాకా రెండు మూడు నెలలకోసారి, మూడేళ్ల దాకా మూడు నాలుగు నెలలకోసారి. ఆ రోజు మాత్ర వేయకముందే రక్తం ఇవ్వాలి, లేదా వేసి నాలుగు గంటలైనా గడవాలి. టీకా రోజులతో కలిపి తేదీలు వేస్తే వస్తారు. బిడ్డ బరువు పెరిగే కొద్దీ మోతాదు మారుతుంది కాబట్టి పాత చీటీతోనే ఆరు నెలలు మందు కొనుక్కోకుండా చూడండి. వినికిడి పరీక్ష కూడా ఒకసారి చేయించండి, ఈ పిల్లల్లో చెవుడు మామూలు కన్నా ఎక్కువ.

మూడేళ్లు నిండేదాకా మందు ఆపి చూసే ప్రయోగం వద్దు. అప్పుడు కూడా గ్రంథి లేదనో, చోటు తప్పి ఉందనో స్కాన్‌లో తేలినవాళ్లకు ఆపి చూడాల్సిన పని లేదు, అది జీవితాంతం వేసుకోవాల్సిన మాత్ర. గ్రంథి ఉన్నచోటే ఉండి, తక్కువ మోతాదుతో నడుస్తున్న పిల్లలకు డాక్టరు చెప్పాక నాలుగు వారాలు ఆపి రక్తం చూస్తారు. టీఎస్‌హెచ్ మళ్లీ 10 దాటితే ఆ రోజు నుంచే మాత్ర మొదలు.